మా బావ ఒంటితూటా

బావమరిది బతక కోరతాడని సామెత. ఆ లెక్కన మా బావ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాల్సినవాణ్ణి నేనే. చెబుతాను కూడా. కాకపోతే మంచి చెప్పాలి, నిజమూ చెప్పాలి అంటే మా బావ విషయంలో కొంచెం కష్టం. ఆయన ఇరవై రెండేళ్ళు అడవి పందుల వేటకి వెళ్ళాడు. ఈ ఇరవై రెండేళ్ళలో ఆయన చేతిలో ఒక్క పంది చావలేదు. చావడం మాట అలా ఉంచండి, ఆయన్ని చూసి ఒక్క పంది కంగారు పడిన దాఖలా కూడా లేదు.

వేట ఆయనకి సరదా. కూడు పెట్టేది మాత్రం కుట్టు మిషన్ల మరమ్మతు. బట్టల దుకాణాల వీధి చివర, మెట్ల కింద ఉన్న గది ఆయన షాపు. నిలబడితే మెట్టు తలకి తగులుతుంది కాబట్టి అందరూ వంగే లోపలికి వెళతారు. అది తనకి జనం ఇచ్చే గౌరవమని బావ అనుకునేవాడు. గోడ పొడుగునా తలలు ఊడదీసిన మిషన్లు, కాళ్ళతో తొక్కే పాత ఇనుప స్టాండ్లు, మేకుకి వేలాడే తోలు బెల్టులు, అగ్గిపెట్టెల్లో సూదులు, మరలు. బల్ల మీద కుడిచేతి పక్కన పొడుగు ముక్కున్న నూనెడబ్బా. షాపులో ఏది ఎక్కడుందో వెతుక్కునేవాడు గానీ, ఆ డబ్బా కోసం ఆయన చెయ్యి ఎప్పుడూ తడుముకోలేదు.

లోకంలో చెడిపోయిన వస్తువంటూ లేదు, నూనె అందని వస్తువే ఉంది అన్నది ఆయన సిద్ధాంతం. అక్కని చేసుకునే ముందు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన అక్క వంక చూడలేదు, కిర్రుమంటున్న మా వీధి తలుపు వంక చూశాడు. జేబులోంచి చిన్న సీసా తీసి బందులకి రెండేసి చుక్కలు వేసి, ఆ తర్వాతే కూర్చున్నాడు. మా నాన్న అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. ఆ తలుపు కన్నా నేనేం తీసిపోయానని అక్క ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఒకసారి నా కళ్ళజోడు కాడలు బిగుసుకున్నాయని వాటికీ వేశాడు. నేను బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తాని. ఆ రోజంతా అద్దాల మీద నూనె పాకి, ఎదుట అడుగుతున్నది ఆడో మగో తెలియక అందరికీ తప్పు బస్సే చెప్పాను.

ఇక తుపాకీ సంగతి. బావ వాళ్ళ నాన్న తోటలకి కాపలా కాసేవాడు. పోతూ పోతూ కొడుకు పేర లైసెన్సు రాయించి, ఒక రైఫిలు, ఒక డబ్బా తూటాలు అప్పగించాడు. ఆ రైఫిల్లో ఒక్కసారికి ఒక్క తూటానే పడుతుంది. వెనక భాగం తెరవాలి, తూటా పెట్టాలి, మూయాలి, పేల్చాలి. మళ్ళీ తెరిచి, ఖాళీ గొట్టం లాగి, ఇంకోటి పెట్టాలి. ఈలోపు పంది పక్క ఊళ్ళో కాపురం పెట్టేస్తుంది.

మా అక్కకి ఆ తుపాకీ అంటే ఒళ్ళు మంట. పారేయమంటే వినడు కాబట్టి తూటాల డబ్బా తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. వేటకి వెళ్ళేటప్పుడు ఒక్కటంటే ఒక్క తూటా చేతిలో పెట్టేది. వచ్చాక పంది అయినా చూపించాలి, తూటా అయినా తిరిగి ఇవ్వాలి. పంది చూపించే అవకాశం ఎప్పుడూ రాలేదు కాబట్టి తూటాయే తిరిగొచ్చేది. దాన్ని వేరే ఒక టీపొడి డబ్బాలో వేసి, మళ్ళీ వెళ్ళినప్పుడు దాన్నే ఇచ్చేది. ఆదివారం మధ్యాహ్నాలు బావ రైఫిలు విప్పి, తుడిచి, నూనె వేసేవాడు. పనిలో పనిగా ఆ తూటాకీ రెండు చుక్కలు వేసి, గుడ్డతో మెరిసేదాకా రుద్దేవాడు.

పెళ్ళాం పెట్టిన ఆంక్షని మొగుడు సిద్ధాంతంగా మార్చుకోవడం ఎలాగో మా బావ దగ్గర నేర్చుకోవాలి. టీకొట్టు దగ్గర ఎవరైనా, ఒక్క తూటాతో ఏం వేటయ్యా అంటే, గ్లాసు కింద పెట్టి నిదానంగా చెప్పేవాడు.

"రెండోది జేబులో ఉందనుకో, మొదటిదానికి బాధ్యత ఉండదు."

ఈ మాట ఎంత బాగుందంటే, విన్నవాళ్ళు పందుల సంగతి అడగడం మర్చిపోయేవారు. ఊళ్ళో ఆయనకి ఒంటితూటా అని పేరు పడింది. వెక్కిరింపుకి పెట్టిన పేరది. బావ బిరుదు అనుకున్నాడు.

పేల్చకపోవడానికి ఆయనకి ఎప్పుడూ కారణం ఉండేది. పంది వెనక గుడిసె ఉంది, తూటా దూసుకుపోతే ఎలా. ఎండ కళ్ళలో పడుతోంది. గాలి అటు తిరిగింది. పందికి పిల్లలున్నాయి. ఒకసారి పంది మరీ చిక్కిపోయి ఉందని వదిలేశాడు. ఇంకోసారి ఓ రైతు పొలంలో పందులు వరసగా కళ్ళముందే నడిచి వెళ్ళాయి, కానీ అప్పుడు బావ ఆ రైతు నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. చేతులకి గ్రీజు, తుపాకీ గట్టు మీద.

రైతులు తెలివైనవాళ్ళు. సంగతి త్వరలోనే కనిపెట్టారు. పందులు లేని పొలాల నుంచి కూడా కబురు రావడం మొదలైంది. బావ తెల్లవారకముందే తుపాకీ భుజాన వేసుకుని వెళ్ళేవాడు, పంది కనిపించేది కాదు, పక్కనే చెడిపోయిన మందుకొట్టే పంపు కనిపించేది. పొద్దెక్కేసరికి అది బాగయ్యేది. పందులు మీ పేరు వింటేనే రావట్లేదు మేస్త్రీ అని రైతు సాగనంపేవాడు. బావ ఉబ్బితబ్బిబ్బై ఇంటికొచ్చి అక్కకి తూటా అప్పజెప్పేవాడు. నేను ఎన్నోసార్లు చెప్పి చూశాను. నా మాట ఆయన చెవిన పడితే కదా.

ఇలా ఇంకో ఇరవై ఏళ్ళయినా గడిచిపోయేవే, వాళ్ళ అక్క పొలంలో పందులు పడకపోతే.

బావ వాళ్ళ అక్క మా అక్కకీ నాకూ వదిన. ఊరి చివర ఏటవాలులో అరెకరం నేల, అందులో ఒక గది ఇల్లు, ఆవిడ ఒక్కతే. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఆ అరెకరంలో చిలగడదుంపలు వేసి, తవ్వి, తలమీద మోసి అమ్మి, తమ్ముడికి మిషన్ల పని నేర్పించింది. మనిషి బంగారం. కాకపోతే ఆ బంగారం మా అక్క ఇంటికొస్తే కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతుంది. మడత పెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడత పెడుతుంది. ఏమీ అనదు. అదే మా అక్కకి భరించరానిది. అన్న మాటకి జవాబు చెప్పొచ్చు, కడిగిన గిన్నెకి ఏం చెబుతాం.

వరసగా రెండు పంటలు పందులు తవ్వుకుపోయాయి. మూడో పంట నేలలో ఉండగా ఇటుకబట్టీ యజమాని వచ్చి, ఆ నేల కౌలుకివ్వమని అడిగాడు. మట్టి తవ్వుకుంటాడు, అంతే. తవ్వాక అక్కడ పొలం ఉండదు, గొయ్యి ఉంటుంది. వదిన ఆ ఆదివారం మా అక్క ఇంటికి వచ్చి, కడిగిన గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"ఒరే, ఈ పంట కూడా పోతే నా వల్ల కాదురా. నేల బట్టీవాడికిచ్చి మీ ఇంటికొచ్చేస్తాను," అంది.

మామూలుగానే అంది గానీ ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ తన అరచేతులు చూసుకుంటోంది. ఆవిడకి రావాలని లేదు. ఆ నేల వదిలితే తనకంటూ ఏమీ మిగలదని ఆవిడకి తెలుసు, నాకూ తెలిసింది. నాకు నిజంగా బాధేసింది. అక్క మొహం చూస్తే బాధతో పాటు ఇంకోటి కూడా కనిపించింది. దాన్ని భయం అంటారు.

మర్నాడు సాయంత్రం మా అక్క ఇరవై రెండేళ్ళలో చెయ్యని పని చేసింది. బీరువా తెరిచి డబ్బాలోంచి ఇంకో తూటా తీసి, టీపొడి డబ్బాలో దానితో కలిపి బావ ముందు పెట్టింది.

"రెండూ తీసుకెళ్ళండి," అంది.

బావ రెండో తూటా వంక చూశాడు. దాన్ని వేలితో వెనక్కి జరిపాడు. "ఇన్నేళ్ళు ఊరందరికీ చెప్పిన మాట మా అక్క పొలంలో తప్పమంటావా?" అన్నాడు. అక్క నా వంక చూసింది. ఈయన్ని చేసుకోమని చెప్పింది మీరే కదా అన్నట్టు ఉంది ఆ చూపు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, నన్నెవరూ అడగనే లేదు.

తోడు నేను వెళ్ళాల్సి వచ్చింది. తెల్లవారుతుండగా పొలానికి చేరాం. దుంపతీగ కుప్ప వెనక ఇద్దరం బోర్లా పడుకున్నాం. వదిన ఇంట్లో ఉంది, కిటికీ సందులోంచి చూస్తోంది. నేల చల్లగా ఉంది. నా పొట్ట కింద ఏదో రాయి గుచ్చుకుంటోంది. కదిలితే బావ కళ్ళెర్రజేస్తున్నాడు. నాకైతే ఆ క్షణంలో పందుల కన్నా బావ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

వెలుగు పరుచుకుంటుండగా వచ్చాయి. దొంగల్లా వస్తాయనుకున్నాను. అబ్బే, సొంత ఇంటికి వచ్చినట్టు వచ్చాయి. ముందు ఒక పెద్ద మగపంది, మెడమీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు, బయటికి వంగిన కోరలు. వెనక ఇంకో నాలుగు. పెద్దది మా నుంచి ఇరవై అడుగుల దూరంలో ఆగి, మాకు పక్కటెముకలు చూపిస్తూ, మూతితో నేల ఎత్తిపోయసాగింది. దుంప విరిగిన శబ్దం స్పష్టంగా వినిపించింది.

నేను బావ కారణాలన్నీ ఒక్కొక్కటీ సరిచూశాను. పంది వెనక గుడిసె లేదు, గట్టు ఉంది. ఎండ మా వెనక ఉంది. గాలి మా మొహాన కొడుతోంది. పిల్లలు లేవు. చిక్కిపోయిన సూచనలు అసలే లేవు. దగ్గర్లో మోటారు కూడా లేదు. బావకి ఆ ఉదయం ఏ సాకూ మిగల్లేదు. ఆయనకీ ఆ సంగతి తెలిసింది. చెంప రైఫిలుకి ఆనించాడు. మిషను సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి ఎలా బిగపడతాడో అలాగే బిగపట్టాడు. మొదటిసారి మా బావని చూసి నాకు గర్వంగా అనిపించింది.

టిక్ అంది.

అంతే. కత్తెర మూసిన శబ్దం. బావ ఆలస్యంగా పేలుతుందేమోనని గొట్టం అటే తిప్పి ఉంచి, పెదవులు కదుపుతూ ముప్ఫై దాకా లెక్కపెట్టాడు. ఈ జాగ్రత్తలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఆ ముప్ఫై లెక్కలో పంది మూడు దుంపలు తిన్నది. తర్వాత మెల్లగా తెరిచి, తూటా చూసి, కొంచెం తిప్పి పెట్టి, మూసి, మళ్ళీ నొక్కాడు. టిక్. ఈసారి పంది తల ఎత్తి మా కుప్ప వంక చూసింది. అందులో భయం లేదు, ఎవరో తలుపు తట్టినప్పుడు చూసే చూపది. మళ్ళీ తలదించి పనిలో పడింది.

"రెండోదేది?" అన్నాను, తెలిసి కూడా.

అప్పుడు వదిన తలుపు దభాలున తెరుచుకుంది. చేతిలో రేకు పళ్ళెం, గరిటె. పళ్ళెం వాయిస్తూ, నోటికొచ్చినట్టు తిడుతూ మొదటి చాలు దాకా దూసుకొచ్చింది. ఆ తిట్లలో సగం పందులకి, మిగతా సగం ఎవరికో నేను చెప్పను. ఐదు పందులూ గట్టెక్కి పారిపోయాయి. కానీ పళ్ళెం ఎన్నాళ్ళు వాయించగలదు. మర్నాడు పొద్దుటే మళ్ళీ వస్తాయని మా ముగ్గురికీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే బావా నేనూ తుపాకుల దుకాణానికి వెళ్ళాం. దుకాణం ముసలాయన తూటాని వేళ్ళతో తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"దీన్ని ఏ మిషనులో వాడారు?" అన్నాడు.

బావ గర్వంగానే చెప్పాడు, ప్రతి ఆదివారం రెండు చుక్కలు అని. ముసలాయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. తూటా అడుగున సుత్తి తగిలే బొట్టు ఉంటుంది, నిప్పు పుట్టేది అందులోనే, నూనె సందులోంచి పాకితే అది చస్తుంది అని వివరించాడు. ఎన్నేళ్ళ కిందట చచ్చి ఉంటుందని బావ అడిగాడు. రెండో మూడో ఆదివారానికే అయ్యుండొచ్చని ఆయన జవాబు. మిగతా డబ్బా కూడా తెచ్చాం, చూడండన్నాను నేను. మూత తీస్తే అడుగంతా జిడ్డు. తుప్పు పడుతుందేమోనని మా అక్క ఏడాదికోసారి అందులోనూ నూనె ఒంపేదట. తుపాకీ అంటే ఒళ్ళు మంట అయినా, మొగుడి సిద్ధాంతం ఆవిడకీ అంటుకుంది. అంటే బావ రెండో తూటా తీసుకెళ్ళినా ఆ పంది ఆయుష్షుకి లోటు వచ్చేది కాదు. కొత్త తూటాలు కావాలంటే కలెక్టరు కార్యాలయం నుంచి అనుమతి కాగితం రావాలి, రెండు నెలలు పడుతుందని ముసలాయన చెప్పాడు. పందులు కాగితం కోసం ఆగవు.

తిరిగొచ్చేటప్పుడు బావ దారంతా ఆ తూటాని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు ఒక్క తూటా చాలు అని తిరిగిన మనిషి, అసలు ఆ ఒక్కటీ లేకుండానే తిరిగాడు. వెక్కిరించడానికి నాకు అంతకంటే మంచి రోజు దొరకదు. మనసొప్పలేదు. నేరుగా ఇంటికి పోకుండా ఆయన వాళ్ళ అక్క గుమ్మంలోకి వెళ్ళి కూర్చున్నాడు.

"అక్కా, ఇన్నాళ్ళూ నేను మోసింది ఉత్త ఇనప గొట్టమే," అన్నాడు.

వదిన దుంపలు ఏరుతోంది. పందులు కొరికినవి ఒక పక్క, బాగున్నవి ఒక పక్క. చెయ్యి ఆపకుండానే మాట్లాడింది.

"నీ తూటా సంగతి నాకెందుకురా. నువ్వొచ్చి పొలంలో కూర్చుంటానన్నావు కదా, ఆ ముందు రాత్రి నేను ధీమాగా తలుపు గడియ పెట్టకుండా పడుకున్నాను."

బావ లేచి, వీధికేసి తిరిగి, నూనెగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఆ మొహంతోనే షాపుకి వెళ్ళాడు.

రెండు రోజులు షాపు తలుపు సగం మూసే ఉంది. లోపల సుత్తి చప్పుడు. మూడో రోజు ఒక బండి మీద వేసి పొలానికి తెచ్చిన వస్తువు చూసి నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. పాత కుట్టు మిషను స్టాండు. దాని పెద్ద చక్రానికి నూనె డబ్బాలు చీల్చి చేసిన రేకు రెక్కలు. ఆ ఏటవాలులో గాలికి లోటు లేదు. గాలికి చక్రం తిరుగుతుంది, చక్రంతో పాటు మిషను తల ఆడుతుంది, సూది ఉండాల్సిన చోట బిగించిన ఇనుప కడ్డీ కింద బోర్లించిన రేకు డ్రమ్ము మీద దబదబా కొడుతుంది. అదొక్కటే అయితే పందులు నాలుగు రోజుల్లో అలవాటు పడేవి. దాని అసలు మహిమ ఇరుసులో ఉంది. గాలిని బట్టి అది ఒకసారి మూలుగుతుంది, ఒకసారి కీచుమంటుంది, ఒకసారి ఎవరినో గొంతు పిసుకుతున్నట్టు అరుస్తుంది. ఏ క్షణం ఏమంటుందో పందికే కాదు, చేసినవాడికీ తెలియదు. ఆ అరుపు కోసం బావ ఇరుసుని కిరసనాయిలుతో కడిగి, బూడిద రాసి, ఎండబెట్టాడు. జీవితంలో ఆయన నూనె వెయ్యని యంత్రం అదొక్కటే. అది అరిచినప్పుడల్లా బావ చెయ్యి దానంతటదే జేబులో సీసా కోసం వెళ్ళేది. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని వెనక్కి లాక్కునేవాడు.

పందులు ఒకరోజు గట్టు దాకా వచ్చి, విని, వెళ్ళిపోయాయి. మళ్ళీ రాలేదు. వదిన ఇటుకబట్టీ యజమానిని గుమ్మంలోనే నిలబెట్టి, నేల ఇవ్వనని చెప్పి పంపించేసింది.

ఇంతటితో మా అక్క ఊపిరి పీల్చుకుందామనుకుంది. కానీ ఆ చప్పుడికి పందులే కాదు, మనుషులూ నిద్రపోలేరు. నాలుగో రోజు పొద్దువాలగానే వదిన చంకలో దుప్పటితో మా అక్క ఇంటికొచ్చింది. పగలంతా పొలంలో, పడక మాత్రం ఇక్కడ, దుంపలు తవ్వేదాకా అంది. అని, కడిగిన గిన్నెలు కడిగి పడుకుంది.

వారం ఓర్చుకుంది అక్క. ఎనిమిదో రోజు బావ షాపుకెళ్ళాక, ఇంట్లో ఉంచుకున్న ఇంకో నూనెడబ్బా కొంగులో దాచుకుని పొలానికి బయల్దేరింది. ఇరుసులో నాలుగు చుక్కలు వేస్తే చప్పుడు ఆగుతుంది, వదిన తన ఇంట్లో తను పడుకుంటుంది. అక్కడిదాకా బాగానే ఆలోచించింది. చక్రం ముందు నిలబడి, డబ్బా వంచబోయేటప్పుడు మిగతాది తట్టింది. చప్పుడు ఆగితే పందులొస్తాయి. పందులొస్తే పంట పోతుంది. పంట పోతే వదిన దుప్పటితో కాదు, పెట్టెతో వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడే దుంపతీగల మధ్య నుంచి వదిన లేచి, ఏమ్మా ఇలా వచ్చావు అంది. మా అక్క, మీకు అన్నం తెచ్చాను అనబోయి, చేతిలో అన్నం లేదని గుర్తొచ్చి, కలుపు తీద్దామని వచ్చాను అంది. సాయంత్రం దాకా తీసింది. డబ్బా నిండుగానే తిరిగొచ్చింది. ఈ సంగతి నాకు చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

పంట వచ్చింది. దుంపలు తవ్వారు, కొత్త తీగ నాటారు. కొత్త తీగ అంటే మళ్ళీ చక్రం, మళ్ళీ దుప్పటి. మా అక్క గిన్నెల విషయంలో రాజీ పడింది. ఇప్పుడు తను కడగకుండానే పెట్టేస్తోంది, ఎలాగూ కడిగేవాళ్ళున్నారు కదా అని. ఆవిడ ఫిర్యాదు ఇప్పుడు ఒక్కటే.

"ఈ వయసులో ఇంత మతిమరుపేమిట్రా మీ వదినకి? రోజూ అందరికన్నా చివర తనే పడుకుంటుంది. వీధి తలుపు గడియ పెట్టడం ఒక్కరోజూ గుర్తుండదు."

ఆ రోజు వదిన గుమ్మంలో అన్న మాట అక్క వినలేదు. విన్నవాళ్ళం ఇద్దరమే, బావా నేనూ. నేను బావ వంక చూశాను. ఆయన తల వంచుకుని, శుభ్రంగా ఉన్న కత్తెరకే మళ్ళీ నూనె వేస్తున్నాడు. అక్క రోజూ లేచి వెళ్ళి గడియ పెట్టి వస్తుందట. వదినకి మెలకువ రాదు. ఆ గడియ చప్పుడు చెయ్యదు, దానికి బావ నూనె వేశాడు.